బాడుగ గాడిద ఎవరిది

మదనపల్లె మిషన్ ఆసుపత్రి వెనక వీధుల్లో రాజరత్నం మొహం కన్నా ఆయన మోకాళ్లు ఎక్కువ మందికి తెలుసు. ఏటా క్రిస్మస్ ముందు ఆ ఊరి గుడిలోనూ, అప్పుడప్పుడూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆడే నాటకంలో గాడిద వెనక కాళ్లు ఆయనవి. మూతి మీద మీసం రాకముందు ఆ బూడిదరంగు దుప్పటి కింద దూరాడు, మనవరాలు స్నేహ బీటెక్‌లో చేరినా ఇంకా బయటికి రాలేదు. ముందు కాళ్లూ తలకాయా బావమరిది క్రిస్టోఫర్‌వి. గాడిద మాట్లాడే మాటలన్నీ అతనివే. వెనక కాళ్లకు మాటలెక్కడివి, ఉన్న పనల్లా తోక ఆడించడం, అదను చూసి తన్నడం. ఆ తన్నడంలో మాత్రం రాజరత్నానికి జిల్లాలో సాటి లేదు. ఆసుపత్రిలో పక్కబట్టలు ఉతికే సెక్షన్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గానీ, కొత్తవాళ్లు ఎవరు పరిచయమైనా "గాడిద రాజరత్నం అంటారప్పా నన్ను" అనే చెప్పుకుంటాడు. ఆయన భార్య కృపావతికి ఆయనలో నచ్చనిది అదొక్కటే.

నాటకం పేరు 'బాడుగ గాడిద'. కట్టినవాడు రాజరత్నం నాయన జ్ఞానప్రకాశం, అదే ఆసుపత్రిలో కాంపౌండరు. కట్టాడనే అనాలి, రాశాడు అనకూడదు, ఎందుకంటే ఆయన ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. పెట్టినా లాభం ఉండేది కాదు. ఆయన చేతిరాత మందులిచ్చేవాళ్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన నోటితో చెప్పాడు, వీళ్లు నోటితో నేర్చుకున్నారు.

కథ చిన్నదే. నిండు చూలాలిని బెత్లెహేముకు తీసుకుపోవడానికి ఒక పేదవాడు గాడిదను బాడుగకు మాట్లాడుకుంటాడు. గాడిద దారి పొడుగునా సణుగుతూనే ఉంటుంది. ఎక్కుడు దారి గురించి, గడ్డి గురించి, ఆ ఏడు ఊళ్లో ఏది నడుస్తుంటే దాని గురించి, కరెంటు కోతనో, టమాటా ధరనో. తీరా పశువుల పాకలో బిడ్డ పుట్టాక గాడిద సొంతదారు వచ్చి తాడు పట్టుకుంటాడు. గాడిద కదలదు. లాగుతాడు, తిడతాడు, బతిమాలతాడు. చివరికి వెనక కాళ్లు లేచి ఒక్క తన్ను తంతాయి, సొంతదారు ఎగిరి పడతాడు, గాడిద పోయి తొట్టి పక్కన మోకాళ్లు ముడుచుకుని పడుకుంటుంది. అంతవరకూ పొట్ట పట్టుకుని నవ్విన జనం అక్కడ నిజంగానే ఏడుస్తారు. ఎందుకేడ్చారో చెప్పమంటే వాళ్లకూ తెలియదు.

ఇంత పేరున్న నాటకానికి అచ్చులో మాత్రం పేరు లేదు. గుడి నోటీసులో పైన బిషప్ గారి పేరుంటుంది, దాని కింద పాస్టరు గారి పేరుంటుంది. ఆ రెండు పేర్ల కింద గాడిద అని వేయించే గుండె ఏ సంఘపెద్దకూ లేకపోయింది. ఏటా "ప్రత్యేక కార్యక్రమం" అని వేయించేవాళ్లు. జ్ఞానప్రకాశం ఏటా పోయి అడిగేవాడు, "నా పేరు వద్దులేప్పా, గాడిద పేరన్నా వెయ్యండి" అని. చూద్దాంలే కాంపౌండరూ అనేవాళ్లు, మళ్లీ అదే అచ్చయ్యేది. ఆ ముచ్చట తీరకుండానే ఆయన పోయాడు. నాయన పేరు సమాధి రాయి మీద చెక్కించగలిగాను గానీ నాయన నాటకం పక్కన ఒక్కసారి వినిపించలేకపోయానని రాజరత్నానికి లోపల కలుక్కుమంటూనే ఉండేది.

అందుకే కుప్పం నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆయన తింటున్న అన్నం వదిలి లేచి నిలబడ్డాడు. అక్కడి గుడి పాస్టరు కుర్రాయన, మంచివాడు, కాస్త కంగారు మనిషి.

"అంకుల్, మన గుడి జూబిలీ జరుగుతా ఉండాది. మీ గాడిదను ఈడికి తీసుకురావల్ల. ఫ్లెక్సీ కూడా కొట్టిస్తాండాం."

"ఫ్లెక్సీలో పేరేస్తారా అయ్యగారూ? గాడిద అని?"

"వెయ్యకుంటే జనాలకు ఎట్ల తెలస్తాది అంకుల్?"

నాయన బతికుండగా సగం జీవితం తిరిగి తెప్పించలేని అనుమతి, ఈ కుర్రాయన ఒక్క మాటలో ఇచ్చేశాడు. రెండు రోజులకు ఫ్లెక్సీ ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. పైన ఒక వరస కమిటీ మెంబర్ల మొహాలు, కింద ఇంకో వరస కమిటీ మెంబర్ల మొహాలు, నడుమ గాడిద బొమ్మ, దాని కింద ఎర్రటి అక్షరాల్లో 'బాడుగ గాడిద', ఆదివారం సాయంత్రం, గుడి ఆవరణలో. అందరి మొహాల్లోకీ గాడిద మొహమే కళగా ఉంది. జ్ఞానప్రకాశం పేరు మాత్రం ఎక్కడా లేదు.

"మొహాలు ఎక్కువైపోయినాయి అంకుల్, జాగా చాల్లేదు," అన్నాడు పాస్టరు నొచ్చుకుంటూ. "మైకులో నేనే చెప్తాను. 'జ్ఞానప్రకాశం గారి బాడుగ గాడిద' అని గట్టిగా, అందురూ వినేటట్ల చెప్తాను. సరేనా?"

సరే కాక. ఆ మాట కోసమే రాజరత్నం మోకాళ్ల నొప్పులకు తైలం రాసుకుంటూ రోజులు లెక్కపెట్టుకున్నాడు. నాయన పేరూ గాడిద పేరూ పక్కపక్కన నలుగురి చెవినా పడాలి. ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆ వారంలోనే పుంగనూరు నుంచి రిజిస్టర్ పోస్టు వచ్చింది. పింఛను కాగితం అనుకుని కృపావతి సంతకం పెట్టి తీసుకుంది. స్నేహ చదివి, మళ్లీ చదివి, నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది.

"తాతా, బాడుగ గాడిద అనే పేరు పుంగనూరు మునిశేఖర్ అనే ఆయన ట్రేడ్‌మార్కు అంట. ఆ పేరు మీరు వాడకూడదంట. వాడితే కోర్టుకు లాగుతాడంట."

"ఆయనకి గాడిదలు ఉండాయామ్మా?"

"గాడిదలు కాదు తాతా, గూడ్సు ఆటోలు. రోడ్డు మీద సూడలేదా, పసుప్పచ్చ బండ్లు, ముందర గాడిద మొహం పళ్లికిలించుకుని ఉంటాది?"

చూడకేం. చూసి ఎన్నోసార్లు మురిసిపోయాడు కూడా. టమాటా మార్కెట్ దగ్గర ఆ బండ్లు వరసగా నిలబడి ఉంటే, నాయన మీద గౌరవం కొద్దీ ఎవరో పుణ్యాత్ముడు ఆ పేరు పెట్టుకున్నాడనుకుని పక్కవాళ్లకు చూపించాడు. ఆ పుణ్యాత్ముడే ఇప్పుడు నోటీసు పంపాడు. కుప్పం బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చూసిన డ్రైవరొకడు, గుడిలో అడిగి ఆడేవాళ్ల చిరునామా కూడా పట్టుకుని, తమ కంపెనీ పేరు ఎవరో కొట్టేశారని ఓనరుకు ఫోన్ చేశాడట. నోటీసు నకలు కుప్పానికి కూడా పోయింది. పాస్టరు ఆ పూటే నిచ్చెన వేయించి ఫ్లెక్సీలో పేరు మీద తెల్లకాగితం అంటించేశాడు. దాంతో గాడిద పేరూ ఊరూ లేకుండా, తనూ కమిటీ మెంబరే అన్నట్టు ఆ మొహాల నడుమ మిగిలింది.

"పేరు మార్చేద్దాం అంకుల్," అన్నాడు ఫోన్‌లో. "'అద్దె గుర్రం' అంటే ఎట్లుంటాది?"

ఈ మాట విని క్రిస్టోఫర్‌కు కోపం నషాళానికి అంటింది. "గుర్రం మాటలు నాకు రావు బావా! ఇన్నేండ్లు గాడిదగా బతికినోణ్ణి, ఈ వయసులో గుర్రంగా మారేదెట్ల?"

కృపావతి మాత్రం ఒకటే అంది. "ఆడుకునే నాటకానికి పేరు ఏదైతే ఏమి, మీ ఇద్దురూ దుప్పట్లోనే కదా ఉండేది." రాజరత్నం లేచి వాకిట్లో అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. చెట్టంత మనిషికి ఏడుపొచ్చింది.

మదనపల్లెలో లాయరు నీలిమ అంటే ఆక్సిడెంటు కేసులకూ పొలం గట్టు తగాదాలకూ పెట్టింది పేరు. గాడిద కేసు ఆమెకు కొత్త. నోటీసు చదివి కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"సూడండి అంకుల్, పేరొక్కదానికే కాపీరైటు రాదు. నాటకానికొస్తాది."

"నాటకం రాతలో లేదమ్మా."

"అయితే ఆ దారి కష్టం. ఇంక ట్రేడ్‌మార్కు సంగతి. వాడుకుంటా, పదేండ్లకోసారి రెన్యువల్ చేసుకుంటా ఉంటే ఎంత పాత పేరైనా అట్లే బతికుంటాది. మూలన పడేస్తే పోతాది. మీది ఒక్క నాటకం పేరు. ఆ పేరు వింటానే జనానికి మీ గాడిదే గుర్తు రావల్ల. మీరు రిజిస్టర్ చెయ్యలేదు, ఆయన చేసినాడు. బండ్లకూ చేసినాడు, ఎవురు చెప్పినారో ఏమో, నాటకాలు వినోదాల కింద కూడా చేసేసినాడు. అయినా ఆయన కన్నా ముందు నుంచి, విడవకుండా మీరు వాడుతాండారని చూపించినామంటే ఆయన మిమ్మల్ని ఆపలేడు."

"అంతే కదా! మా నాయన కాలం నుంచీ ఆడుతాండాం."

"రుజువు కావల్ల అంకుల్. అచ్చేసిన కాగితం ఏదన్నా తెండి, బాడుగ గాడిద అని ఉండేది."

రాజరత్నం మొహం ఎందుకు వాడిపోయిందో ఆమెకు అర్థం కాలేదు. మరునాడు ఆయనా క్రిస్టోఫరూ గుడి ఆఫీసు బీరువాలోని పాత క్రిస్మస్ నోటీసుల కట్ట మోసుకొచ్చి బల్ల మీద పెట్టాక అర్థమైంది. ఒక ఏడు ప్రత్యేక కార్యక్రమం. ఇంకో ఏడు ప్రత్యేక అంశం. ఒక ఏడు "జంతువుతో కూడిన ప్రత్యేక అంశం". ధైర్యవంతుడైన పెద్ద ఎవరో వచ్చిన ఏడు "నాలుగు కాళ్ల జీవి సందేశం, తదుపరి పాస్టరు గారి సందేశం" అని పడింది. ఆ పాస్టరు ఆరు నెలల్లో బదిలీ అడిగి వెళ్లిపోయాడని క్రిస్టోఫర్ వివరించాడు.

నీలిమ బల్ల మీద తల వాల్చి నవ్వింది. తర్వాత తేరుకుని, పోనీ చూసినవాళ్లు సాక్ష్యం చెప్పినా పనికొస్తుంది, పెద్దవాళ్లను అడిగి రండి అంది. అడిగారు. ఒకాయన "దుప్పటి డ్రామా కదా" అన్నాడు. ఒకావిడ "రాజరత్నం గాడిద" అంది. ఇంకొకాయన మరీ ఘనంగా "ఆ తన్నేది" అన్నాడు. పక్కన బిరియాని పెట్టినా ఒక్కరి నోటా బాడుగ అన్న మాట రాలేదు. వాళ్ల తప్పేముంది, ఎక్కడా చదివితే కదా!

ఇంక దారి లేక బావా బావమరుదులు పుంగనూరు బస్సెక్కారు. మునిశేఖర్ షెడ్డు ఊరి బయట ఉంది. పసుపు బండ్లన్నీ మొహాలు బయటికి పెట్టుకుని నిలబడి ఉన్నాయి. అన్ని గాడిదలు ఒక్కసారిగా పళ్లికిలించి చూసేసరికి రాజరత్నం తల దించుకుని లోపలికి నడిచాడు. మునిశేఖర్ నలభై దాటని మనిషి, కూలింగ్ గ్లాసులు నెత్తి మీద పెట్టుకుని ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, టీ చెప్పాడు. ఇంత మర్యాదస్తుడు నోటీసు ఎట్లా పంపాడా అనిపించేటట్టున్నాడు.

"నేను మిమ్మల్ని ఆడొద్దంటానా అన్నా! పెద్దోళ్లు మీరు. ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టండి. పేరు నాది, నా పర్మిషన్‌తో ఆడుతాండామని. పైసా వద్దు నాకు. మీ సామాన్లకు నేనే రెండు బండ్లు పంపిస్తా."

క్రిస్టోఫర్ చెయ్యి అప్పటికే పెన్ను దగ్గరికి పోయింది. రాజరత్నం ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"మా నాయన పెట్టిన పేరుకి నీ పర్మిషన్ నేనెందుకు తీసుకోవల్లప్పా? నువ్వు నన్ను అడగల్ల. అసలు ఈ పేరు నీకు యాడ దొరికె?"

మునిశేఖర్ మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు ఫోన్ తీసి ఒక రీలు పెట్టాడు. అందులో ఆయనే, బండి బానెట్టు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని చెబుతున్నాడు. "ఫ్రెండ్స్, నేను పిల్లోడప్పుడు మా పుంగనూరు గుడికాడ క్రిస్మస్ డ్రామా ఆడినారు. పేరు బాడుగ గాడిద అని ఆడేటోళ్లే చెప్పినారు. నేను ముందరికి పోయి దాని తోక పట్టుకుని పీకినా. తన్నింది సూడండి ఒక్క తన్ను, పోయి హార్మోనియం మీద పడినా! ఆ పొద్దే అనుకున్నా, నేను పెద్దోణ్ణయి కంపెనీ పెడితే దానికి ఈ పేరే పెట్టల్ల అని. ఎంత బరువైనా మోస్తాది, అడ్డమొస్తే తంతాది, మన బాడుగ గాడిద!"

రాజరత్నం టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ తన్నింది నేనే," అన్నాడు.

మునిశేఖర్ లేచి నిలబడ్డాడు. కోపంతోనో భక్తితోనో తెలియక క్రిస్టోఫర్ తలుపు ఎటుందో చూసుకున్నాడు. "ఆ కాళ్లు మీయేనా అన్నా!" అని మునిశేఖర్ వంగి రాజరత్నం మోకాళ్లు తడిమి చూశాడు. డ్రైవర్లను పిలిచాడు. కాళ్లతో సెల్ఫీ దిగాడు. రీలు రాజరత్నం ఫోన్‌కు పంపించి, మీ గుడి గ్రూపుల్లో కూడా పెట్టండన్నా, నాలుగు బుకింగులు వస్తాయి అన్నాడు. ఇంతా చేసి చివర్లో మళ్లీ కాగితం ముందుకు తోశాడు. "సంతకం మాత్రం పెట్టల్ల. వ్యాపారం వ్యాపారమే కదన్నా."

పెట్టకుండానే వచ్చేశారు. బస్సులో రాజరత్నం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాయన నాటకం చూసిన పిల్లవాడు, తన తన్ను తిన్న పిల్లవాడు, నాయన పేరు అడగనైనా అడగలేదు. ఆ మంట ఆయనకు ఇల్లు చేరినా చల్లారలేదు.

మరునాడు నీలిమకు జరిగింది చెప్పి, ఊరికే చూస్తుందని రీలు పెట్టాడు. ఆమె మొదటిసారి నవ్వుతూ చూసింది. రెండోసారి నవ్వకుండా చూసింది. మూడోసారికి కుర్చీలోంచి లేచింది.

"అంకుల్! కంపెనీ పెట్టకముందే, ఆయన చిన్నపిల్లోడప్పుడే, ఈ పేరుతోనే మీ నాటకం ఉండాదని ఆయన నోటితో ఆయనే చెప్తాండాడు! ఆయన పేజీలోనే పెట్టుకున్నాడు! మీకు దొరకని రుజువు ఆయనే తీసి, ఆయనే మీకు పంపించినాడు!"

"మరి ఆయన లాయరు చూసుకోలేదామ్మా?"

"వాళ్ల లాయరు రీలు సూసింటే నోటీసు ఇచ్చేవాడా?"

జవాబు పోయింది, రీలు లింకుతో సహా. లాయరు దగ్గర మునిశేఖర్‌కు బాగానే అక్షింతలు పడినట్టున్నాయి, నాలుగో రోజుకే కాగితం వచ్చేసింది. నాటకానికి ఆ పేరు వాడుకోవడంలో మాకు అభ్యంతరం లేదు, బండ్లకు మాత్రం మాదే అని. "ఆయన బండ్లకు ఆయన పేరు, మీ నాటకానికి మీ పేరు. ఇద్దురూ బతకొచ్చు," అంది నీలిమ. ఓడినా మునిశేఖర్ మాట తప్పలేదు. ఆ తన్ను మీద గౌరవంతో సామాన్లకు రెండు బండ్లు ఉచితంగా పంపించాడు. రాజరత్నం మిషన్ వీధంతా స్వీట్లు పంచాడు. కృపావతి కూడా ఒకటి నోట్లో వేసుకుని, పోనీలే గెలిచినారు అంది.

కుప్పంలో తెల్లకాగితం పీకేశారు. జిగురు సగం మిగిలినా పేరు చక్కగా కనబడుతోంది. ఆదివారం సాయంత్రానికి గుడి ఆవరణ నిండిపోయింది, అంత జనం వస్తారని పాస్టరు కూడా అనుకోలేదు. రాజరత్నానికి ఆనందం పట్టశక్యం కాలేదు. కాకపోతే ముందు వరసలో ఒక ఫ్రిజ్ కూర్చుని ఉంది. తాళ్లతో కట్టి ఉంది. దానికి ఆ పక్క శంకరప్ప అనే ఆయన, ఈ పక్క ఆయన భార్య వెంకటరత్నమ్మ, కాళ్ల దగ్గర పరుపు చుట్టలూ గిన్నెల గంపా. వెనకాల ఇంకొకాయన కొత్త మంచం పట్టీలు నిలబెట్టుకుని ఉన్నాడు. గోడ వారన ఎవరివో టమాటా బాక్సులు. దేవుని సన్నిధికి ఫ్రిజ్ తెచ్చుకోవడం ఈ ఊరి ఆచారమేమో అనుకుని క్రిస్టోఫర్ కూడా ఏమీ అడగలేదు.

ఇద్దరూ దుప్పట్లో దూరి నడుములు వంచి తెర పక్కన నిలబడ్డారు. పాస్టరు మైకు అందుకున్నాడు. చీకటి దుప్పట్లో నాయన మొహం కళ్ల ముందు కనబడింది.

"ప్రియమైన సంఘమా," అన్నాడు పాస్టరు. జనం, ఫ్రిజ్, ఎదురుగా గేటు దగ్గర పళ్లికిలించి నిలబడిన రెండు పసుపు బండ్లు చూసేసరికి కంగారు మనిషికి కంగారు ఎక్కువైంది. "ఈ సాయంత్రం మనకు నాటకం సమర్పిస్తాండేది, మూడూళ్లలో నమ్మకమైన సర్వీసుకు పేరు తెచ్చుకున్న, బాడుగ గాడిద ట్రాన్స్‌పోర్ట్ వారు!"

చప్పట్లు మోగాయి. రాజరత్నం నోరు తెరిచాడు, కానీ క్రిస్టోఫర్ అప్పటికే నడవడం మొదలుపెట్టాడు. ముందు కాళ్లు కదిలితే వెనక కాళ్లు ఆగడానికి లేదు. అట్లా ఏడుస్తూనే స్టేజీ ఎక్కాడు.

నాటకం బాగా ఆడింది. అదే బాధ. గాడిద ఎక్కుడు మీద ఆయాసపడితే జనం "గేరు మార్చప్పా" అన్నారు. సొంతదారు వచ్చి తాడు పట్టుకుంటే "బుకింగ్ క్యాన్సిలా?" అని ఎవడో అరిచాడు, అందరూ విరగబడి నవ్వారు. రాజరత్నం తన కడుపుమంటంతా కాళ్లలోకి తెచ్చి తన్నిన తన్నుకు, సొంతదారు వేషం కట్టిన దాసప్ప స్టేజీ దిగి కమిటీ వరసలో పడ్డాడు. ఏడవాల్సిన చోట కూడా జనం ఫోన్ నంబరు అడిగారు.

అయిపోయాక పాస్టరు పరుగెత్తుకొచ్చి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో అంకుల్, మీ నాయన పేరు! ఆ బండ్లు ఎదురుగా కనబడేసరికి నోట్లోకి అదే వచ్చేసింది. ఇప్పుడే చెప్తాను ఉండండి." చెప్పడానికి మైకు సెట్టువాళ్లు వైర్లు చుట్టేశారు, జనమంతా విస్తళ్ల దగ్గర ఉన్నారు. "పోనీలే అయ్యగారూ," అన్నాడు రాజరత్నం. కాగితం మీద గెలిచాడు. గెలిచి లాభమేముంది, ఆ పేరు వింటే జనానికి పసుపు బండే గుర్తొస్తోంది. నాయనా, నీ గాడిదను నేను కాపాడలేకపోయాను అనుకుంటూ గుడి మెట్ల మీద కూలబడ్డాడు. క్రిస్టోఫర్ దుప్పటి మడత పెడుతూ పక్కనే కూర్చున్నాడు.

వెంకటరత్నమ్మ వచ్చి ముందు నిలబడింది. "అన్నా, బండి ఎప్పుడొస్తాది? మేము శాంతిపురానికి ఇల్లు మారతాండాం. ఫ్లెక్సీ సూసి, ఈడ ఆఫీసు తెరుస్తాండారని సామాన్లు తెచ్చేసినాం."

"ఇది నాటకం అమ్మా. బండ్ల ఆఫీసు కాదు."

"నాటకం బాగుండాదన్నా. ఆ గాడిద పోయి పసిబిడ్డ పక్కన పండుకునింది సూడు, ఆడ నాకు ఏడుపు ఆగలేదు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బండి ఎప్పుడొస్తాదన్నా?"

ఒక్క మనిషి ఏడ్చింది. రాజరత్నం లేచాడు. గేటు దగ్గర బండి ఉంది, దాని డ్రైవరు అజయ్ ఉన్నాడు, ఇక్కడ ఫ్రిజ్ ఉంది. ఎక్కించుకుని పోరాదా అంటే అజయ్ తల అడ్డంగా ఊపాడు. "ఫోన్‌లో బుకింగ్ పడకుండా తాళం తిప్పితే మా ఓనరు ఊరుకోడు. బుక్ చెయ్యమనండి, ఈడనే ఉంటా." శంకరప్పది బటన్ ఫోను. అందుకని రాజరత్నమే తన ఫోన్ తీసి, మునిశేఖర్ కంపెనీ నంబరుకు వాట్సాప్ కొట్టాడు. ఎక్కడి నుంచి, కుప్పం గుడి. ఎక్కడికి, శాంతిపురం. సామాను, ఫ్రిజ్. మీ పేరు అని తిరుగు మెసేజ్ అడిగింది. వేలు ఆగింది. మొండితనమో, దుఃఖమో, జ్ఞానప్రకాశం అని కొట్టి పంపేశాడు.

అజయ్ ఫోన్ మోగింది. చూసుకున్నాడు. బుక్ చేసిన పార్టీ ఎవరైనా, ఎదురుగా ఉన్నా సరే, పేరు పెట్టి పిలిచి పలికినాకే సామాను ఎక్కించాలని కంపెనీ రూలు. అజయ్ గేటు అరుగెక్కి, భోజనాల వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"జ్ఞానప్రకాశం గారి బాడుగ గాడిద! జ్ఞానప్రకాశం గారి బాడుగ గాడిద! ఎవురప్పా?"

విస్తళ్ల దగ్గర జనమంతా తలెత్తి చూశారు. పాస్టరు వడ్డిస్తున్న గరిట గాల్లోనే ఆగిపోయింది. రాజరత్నం కదల్లేదు. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"బావా," క్రిస్టోఫర్ భుజం పట్టి కుదిపాడు. "నిన్నే పిలుస్తాండేది. పలుకు."

"ఉండప్పా," అన్నాడు రాజరత్నం. "ఇంకోసారి పిలవనీ."